విపత్తు పద్దు

మా ఇంటి ఖర్చుల పుస్తకంలో పాలు, కూరలు, కరెంటు బిల్లు, పనమ్మాయి జీతం అయిపోయాక చివర్లో ‘విపత్తు’ అని ఒక పద్దు ఉంటుంది. వరదొచ్చో భూకంపమొచ్చో పుట్టిన పద్దు కాదది. నా వల్ల పుట్టింది. మా ఆవిడ గుండ్రటి అక్షరాలతో, వ్యాఖ్యానమేమీ లేకుండా రాస్తుంది. ‘విపత్తు - వైరు, 30 మీటర్లు.’ ‘విపత్తు - ఏదో డబ్బా.’ ‘విపత్తు - మళ్లీ అదే డబ్బా, ఈసారి నల్లది.’

ఆ పేరు పెట్టింది మాత్రం నేనే. మొదటి రేడియో కొన్న రోజున ధర చెప్పే ధైర్యం లేక ముందు ప్రయోజనం చెప్పాను. “తుపానొస్తే సెల్ టవర్లు పడిపోతాయి. కరెంటు పోతుంది, ఇంటర్నెట్టు పోతుంది. అప్పుడు జనాన్ని ఆదుకునేది హామ్ రేడియోనే” అన్నాను, గొంతు కాస్త బొంగురు చేసుకుని. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. మే నెల, మిట్టమధ్యాహ్నం, కూకట్‌పల్లి. ఆకు కూడా కదలడం లేదు. ఏమీ అనలేదు. పుస్తకం తీసి ‘విపత్తు’ అని రాసి, పక్కన అంకె వేయడానికి పెన్ను ఎత్తిపట్టుకుని నా వైపు చూసింది.

హామ్ అంటే ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సుతో, జీతం భత్యం లేకుండా, సరదాకి రేడియోలో మాట్లాడే జాతి. “అయితే పాటలేస్తావా?” అని అడుగుతారు చుట్టాలు. వెయ్యకూడదు, నిషేధం. వ్యాపారం మాట్లాడకూడదు. రాజకీయం మాట్లాడకూడదు. “అవి మూడూ తీసేస్తే ఇంక మాట్లాడుకోవడానికేం మిగిలిందయ్యా?” అన్నారు మా మామగారు. చాలా మిగిలింది. మా సిగ్నలు మీకెలా వినిపిస్తోంది, మీ సిగ్నలు మాకిలా వినిపిస్తోంది, మీ యాంటెన్నా ఏమిటి, మా యాంటెన్నా ఇది, మా ఊళ్లో ఎండగా ఉంది, మరి మీకు? ఇంతే. ఇదే సంభాషణ ఇటలీతో చేస్తే ఆ రోజంతా నేల మీద నడవను.

లైసెన్సు కోసం పరీక్ష రాయాలి. నేను రాసిన జనరల్ గ్రేడుకి మోర్స్ కోడ్ కూడా ఉంది, నిమిషానికి 8 పదాల చొప్పున. మూడు నెలలు కంచం మీద చెంచాతో, కారు స్టీరింగు మీద గోటితో, ఒకసారి పీటల మీద కూర్చుని సత్యనారాయణ వ్రతంలో గంటతో సాధన చేశాను. పురోహితుడు రెండు క్షణాలు ఆగి, తనకు తెలియని సంప్రదాయమేమో అనుకుని మళ్లీ కొనసాగించారు. లైసెన్సు విచారణకి పోలీసు స్టేషను నుంచి మనిషి వచ్చి వెళ్లాక, ఆరు నెలల పాటు మా అంతస్తులో ఎవరూ మా ఇంటికి పెరుగు తోడు అడగడానికి రాలేదు.

హామ్‌ల భాష వేరు. రేడియో గదిని ‘షాక్’ అంటారు, గుడిసె అని దానర్థం. మా ఇంట్లో ధర విన్నప్పుడల్లా తగిలేది కూడా అదే. ప్రసారం ఆపెయ్యమనడానికి క్యూఆర్‌టీ. సెలవు తీసుకునేటప్పుడు శుభాకాంక్షలకి 73. భార్యని ఎక్స్‌వైఎల్ అంటారు. అంటే ఏమిటని మా ఆవిడ అడిగితే ఉత్సాహంలో నిజం చెప్పేశాను: ‘ఒకప్పటి యువతి’. రెండు రోజులు క్యాంటీన్లో తిన్నాను. ఇప్పుడు రాత్రి పదింటికి గది తలుపు దగ్గర నిలబడి ఆవిడే “క్యూఆర్‌టీ” అంటుంది. 73 చెప్పే అవకాశం కూడా ఉండదు.

గోడకి రెండు గడియారాలు పెట్టాను. నా లాగ్ పుస్తకం అంతా ప్రపంచ సమయంలో రాస్తాను, మన టైముకి అయిదున్నర గంటలు వెనక. మామగారు వచ్చి ఉన్నప్పుడు ఆ రెండో గడియారం చూసుకుని బీపీ మాత్ర వేసుకున్నారు. ఆ సంగతి అంతకంటే పొడిగించను.

నన్ను నేను సమర్థించుకోవడానికి పెద్దపెద్ద వాళ్లని సాక్ష్యానికి పిలిచాను. రాజీవ్ గాంధీ హామ్, ఆయన సంకేతం వీయూ2ఆర్‌జీ, సోనియా గాంధీకీ లైసెన్సు ఉండేది అన్నాను. “ఆయన విమానం కూడా నడిపేవాడు, అదీ కొంటారా?” అంది మా ఆవిడ. 2004 డిసెంబరులో మన హైదరాబాదు అమెచ్యూర్ రేడియో సంస్థ నుంచి భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్ వెళ్లింది, అండమాన్ నుంచి ప్రపంచంతో మాట్లాడటానికి. 26వ తేదీన సునామీ వచ్చింది. ద్వీపాలతో సంబంధాలు తెగిపోయినప్పుడు వాళ్ల రేడియోలే కబుర్లు మోశాయి. ఈ కథ చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ కళ్లు చెమరుస్తాయి. మా ఆవిడ శ్రద్ధగా విని, “ఆవిడ చేసింది. బావుంది. మరి మీరేం చేశారు?” అంది. అప్పటికి నేను చేసింది ఇటలీతో ఎండ గురించి మాట్లాడటం.

నా అసలు శత్రువు మా ఆవిడ కాదు, మా అపార్టుమెంటు. మేడ మీద తీగ కడితే సంఘం వాళ్లు అత్యవసర సమావేశం పెట్టారు. లిఫ్టు ఆగడం, బోరు ఎండటం, రెండో అంతస్తు అబ్బాయికి లెక్కల్లో 31 రావడం - మూడూ నా తీగ ఖాతాలో పడ్డాయి. తీగ దించి బాల్కనీలో కట్టాను. అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఈ రోజుల్లో ప్రతి ఎల్‌ఈడీ బల్బులో, ఫోను ఛార్జరులో, ఇన్వర్టరులో కరెంటుని క్షణానికి వేలసార్లు తెంచి కలిపే చిన్న సర్క్యూటు ఉంటుంది. చవకరకం అయితే అది తన పని తాను చేసుకుంటూ, పక్కన రేడియో మోత కూడా పుట్టిస్తుంది. మా భవనంలో 40 ఫ్లాట్లు. 40 ఇళ్లవాళ్లూ తెలియకుండా, లైసెన్సు లేకుండా పగలూ రాత్రీ ప్రసారం చేస్తున్నారు. లైసెన్సు ఉన్నది నాకొక్కడికి, వినపడనిదీ నాకొక్కడికే.

అప్పుడు గుర్తొచ్చింది ఊరు. రేపల్లె దగ్గర మా పాత ఇంట్లో పిన్ని ఒక్కతే ఉంటుంది, రెండు గేదెలతో. చుట్టూ పొలాలు, బల్బులు నాలుగు. లైసెన్సు చిరునామా ఊరికి మార్పించుకున్నాను. 7.1 మెగాహెర్ట్జుల దగ్గర మాట్లాడాలంటే 143ని 7.1తో భాగించాలి, 20 మీటర్ల చిల్లర తీగ కావాలి. దొడ్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య దూరం అంతకు కాస్త ఎక్కువే. కాయలు దించే అతన్ని బతిమాలి ఒక చెట్టెక్కించాను. రెండోది ఎక్కేలోపు చినుకులు మొదలయ్యాయి, అతను దిగి వెళ్లిపోయాడు. రెండో కొసని గేదెల పాక రాటకి కట్టాను, తాత్కాలికంగా. నా జీవితంలో తాత్కాలికంగా కట్టినవే గట్టిగా నిలబడ్డాయి.

ఇక ఆలోచన ఏమిటంటే, రేడియో ఊళ్లో, నేను హైదరాబాదులో, మధ్యలో ఇంటర్నెట్టు. అరచేతంత కంప్యూటరు ఒకటి రేడియోకి తగిలిస్తే, అక్కడి ధ్వని ఇక్కడ నా ఫోనులో వినిపిస్తుంది, ఇక్కడ వేలు తిప్పితే అక్కడ స్టేషను మారుతుంది. మాట్లాడొచ్చు కూడా. కానీ మనిషొకచోట మైకొకచోట అనేసరికి నాకు ధైర్యం చాల్లేదు. నిబంధనలు నాలుగుసార్లు చదివి నాలుగు రకాలుగా అర్థం చేసుకున్నాను. పైగా ప్రసారం మధ్యలో ఇంటర్నెట్టు తెగిపోతే, నొక్కిన మీట వదలమని చెప్పే దిక్కుండదు. అక్కడున్నది పిన్ని, గేదెలు. అందుకని హైదరాబాదు నుంచి వినడమే, మాట్లాడటం ఊరెళ్లినప్పుడే అని ఒట్టు పెట్టుకున్నాను.

“అంటే ఇంత డబ్బూ పోసి వింటారు. మాట్లాడరు” అంది మా ఆవిడ.

“అవును.”

“ఏం వినపడుతుంది?”

“ఎక్కువగా... గాలి మోత.”

“ఇక్కడా అదే వస్తోందిగా?”

“ఇక్కడొచ్చేది మనుషులు చేసే మోత. దాన్ని క్యూఆర్‌ఎమ్ అంటాం. అక్కడొచ్చేది ఉరుములు, మెరుపులు, ప్రకృతి చేసే మోత. అది క్యూఆర్‌ఎన్.”

ఆవిడ రాసుకుంది: ‘విపత్తు - ప్రకృతి మోత.’ అంకె నేనే చెప్పాను, నెమ్మదిగా.

రిమోట్ స్టేషను అంటే దూరం నుంచి నడిచేది అని పుస్తకాల్లో రాస్తారు. అనుభవం మీద చెబుతున్నాను, అది దూరంగా ఉన్న ఒక మనిషి నడిపేది. నా స్టేషనుకి అసలు రిమోటు పిన్ని. ఊళ్లో కరెంటు పోయి వస్తే రౌటరు లేవదు. రౌటరు లేస్తే కంప్యూటరు లేవదు.

“పిన్నీ, పచ్చ దీపం వెలుగుతోందా?”

“మెరుస్తోందిరా అబ్బాయ్.”

“మెరుస్తోందా, వెలుగుతోందా?”

“వెలుగుతూ మెరుస్తోంది.”

“దాని పక్కది?”

“దాని పక్కన గోడరా.”

“ఆ డబ్బా స్విచ్చి ఒకసారి ఆపి, పది అంకెలు లెక్కపెట్టి మళ్లీ వెయ్యి పిన్నీ.”

ఆవిడ ఒకటి, రెండు, మూడు దాకా లెక్కపెట్టి, “ఉండు, పాలు పొంగుతున్నాయి” అని వెళ్లిపోతుంది. ఆ పది అంకెలు పూర్తి కావడానికి ఒకసారి గంటన్నర పట్టింది. అన్నట్టు, స్విచ్చిని ఫోనుతోనే ఆపి వేసే ప్లగ్గులు ఉన్నాయి. కొన్నాను. అది పనిచెయ్యాలన్నా ముందు రౌటరు లేవాలని కొన్నాక తెలిసింది.

సంక్రాంతికి ఊరెళ్లి ఆశగా మైకు పట్టుకున్నాను. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు ముల్లు 3కి పోయింది. ఈ కొలతని ఇలా చెప్పుకోవచ్చు: మనం పంపిన శక్తి యాంటెన్నా దాకా వెళ్లి గాలిలో కలిస్తే అది 1, బంతిలో కూర్చున్నవాళ్లంతా తృప్తిగా భోంచేసినట్టు. 3 అంటే నలుగురిలో ఒకడు అలిగి విస్తరి ముందు నుంచి లేచి వెనక్కి వచ్చేసినట్టు. కనెక్టర్లు విప్పాను, మళ్లీ సోల్డరు చేశాను, కేబులు మార్చాను, భోజనం మానేశాను. సాయంత్రం దొడ్లోకి వెళ్తే పాక వైపు కొస మీద మూడు తడి చీరలు, పాలేరు లుంగీ ఆరుతున్నాయి. “దండెం బాగా కట్టావురా, వంగట్లేదు” అంది పిన్ని. ప్రసారం చేసేటప్పుడు ఆ కొసలోనే వందల వోల్టులుంటాయని చెప్పి, మర్నాడు నిచ్చెన వేసి కొస ఎత్తు పెంచాను. దానికి తాడు ఎంత బిగించాలో అంతకు రెట్టింపు బిగించాను. ఈ వాక్యం గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

కరెంటు సంగతికొద్దాం. 150 ఆంపియర్ అవర్ల ఇన్వర్టరు బ్యాటరీ పెట్టాను. సగం దాకా వాడుకున్నా 75. వినేటప్పుడు రేడియో, కంప్యూటరు కలిపి తీసుకునేది రెండున్నర ఆంపియర్లు. అంటే 30 గంటలు. ఈ లెక్క కాగితం మీద రాసి రేడియో పైన అంటించాను. నా లెక్కలో ఫ్యాను లేదు, టీవీ లేదు. పిన్ని లెక్కలో సీరియల్ ఉంది. బ్యాటరీ అయిదారు గంటల్లో చేతులెత్తేసేది.

జనరేటరు అలా వచ్చింది. 2 కేవీఏ, పెట్రోలుది, తాడు లాగి లేపొచ్చు, సెల్ఫు కూడా ఉంది. దాన్ని కొన్న నెల పుస్తకంలో ‘విపత్తు’ అనే మాట కింద మా ఆవిడ గీత గీసింది. ఇంట్లో పెడదామంది పిన్ని, వాన తగలదని. ఒప్పుకోలేదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది, వాసన ఉండదు, మూసిన గదిలో నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. చేంజోవర్ స్విచ్చి లేకుండా ఇంటి వైరింగుకి తగిలించకూడదనీ పట్టుబట్టాను. లేకపోతే మన కరెంటు వీధి తీగల్లోకి ఎదురెక్కి, స్తంభం మీద పనిచేసుకునే లైన్‌మన్‌ని కొడుతుంది. ఈ రెండు విషయాల్లో నేను పెద్దమనిషిలా ప్రవర్తించానని ఇక్కడ నమోదు చెయ్యమని మనవి, ఎందుకంటే మిగతా వ్యాసంలో ఎక్కడా అలాంటి సందర్భం లేదు. ఎర్తింగు కోసం గొయ్యి తవ్వి బొగ్గు, ఉప్పు వేయిస్తుంటే పిన్ని వచ్చి పసుపూ కుంకుమా వేసింది. కొలిచి చూస్తే ఎర్తు బాగానే ఉంది. ఏది పనిచేసిందో చెప్పలేను.

మొదటిసారి లేపే ముచ్చట ఊరు ఊరంతా చూసింది. తాడు పట్టుకుని లాగాను. 17 సార్లు. చొక్కా తడిసిపోయింది, భుజం పట్టేసింది, కంపెనీని తిట్టాను, పెట్రోలుని తిట్టాను. పిన్ని కొంగు దోపుకుని వంగి చూసి, “ఈ కుళాయి తిప్పాలేమోరా?” అంది. పెట్రోలు కుళాయి. తిప్పి, ఒక్క లాగు లాగింది. లేచింది. ఆవిడకి అరవై దాటి ఆరేళ్లు.

అయినా ప్రతిసారీ ఆవిడని లేపడం ధర్మం కాదని, కరెంటు పోగానే దానంతటదే సెల్ఫుతో లేచే ఏర్పాటు స్వయంగా తయారు చేశాను. ఇంజనీరింగు చదివానుగా. ఊళ్లో రాత్రి ఏడు గంటలకి వోల్టేజీ 160కి పడిపోతుందన్న సంగతి నా డిజైనులో లేదు. నా డబ్బా దాన్ని ‘కరెంటు పోయింది’ అనుకుని జనరేటరు లేపింది. రెండు నిమిషాలకి వోల్టేజీ పెరిగింది, ఆపింది. మళ్లీ పడింది, లేపింది. రాత్రంతా పది నిమిషాలకొక కోడికూత. జనరేటరు పెట్టింది పాక పక్కన. పొద్దున గేదె చేపలేదు. వరసగా మూడు పూటలు చేపలేదు. పిన్ని ఫోను చేసి, డెయిరీకి పొయ్యని పాల లెక్క లీటర్లతో సహా చెప్పింది, మా ఆవిడకి. ‘విపత్తు - పాలు’ అని రాయడం చూశాను.

ఇంతా చేసి, ఆ డబ్బా పీకేశాక, ఒక రోజు కరెంటు పోయిన వేళ, పిన్ని తాడు లాగి జనరేటరు లేపింది. నేను హైదరాబాదులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, దిగంతాల కోసం చెవి ఒగ్గాను. టకటకటకటక. బ్యాండు మార్చాను. టకటకటకటక. పెట్రోలు ఇంజను ప్లగ్గులో ప్రతి నిప్పురవ్వా ఒక చిన్న రేడియో ప్రసారమే. రేడియో వినడానికి జనరేటరు కొన్నాను. జనరేటరు నడిస్తే రేడియోలో వినపడేది జనరేటరే. అలా 300 కిలోమీటర్ల అవతల మా దొడ్లోని ఇంజను మోతని ప్రత్యక్ష ప్రసారంలో విన్న ఘనత నాది. నాణ్యత మాత్రం అద్భుతం.

దానికీ మందుంది. రెసిస్టరు ఉన్న ప్లగ్గు వెయ్యాలి, వైర్లకి ఫెరైట్ పూసలు తొడగాలి. ఆ పూసలు నల్లగా, గుండ్రంగా ఉంటాయి. పార్సిలు విప్పిన మా ఆవిడ అరచేతిలో వేసుకుని చూసి, “రేడియోకి నల్లపూసలా? ముహూర్తం ఎప్పుడు?” అంది. 

2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను బయల్దేరింది. నెల్లూరుకీ మచిలీపట్నానికీ మధ్య తీరం దాటొచ్చని చెప్పగానే నాలో ఏదో లేచి నిలబడింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అది భయం కాదు. ఇన్నేళ్ల పద్దుకి అర్థం రాబోతోంది. ఆదివారం 3వ తేదీన సంచి సర్దుకుని బయల్దేరాను. హెడ్‌ఫోన్లు, అదనపు బ్యాటరీ, లాగ్ పుస్తకం, సందేశాలు రాసే ఫారాలు 50, వాన కోటు. మా ఆవిడ అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, కిలో అటుకులు పెట్టింది. వాటికి చోటు లేదన్నాను. ఫారాలు తీసేసి పెట్టింది.

పిన్ని 1977 నవంబరు 19 రాత్రి చూసిన మనిషి. కృష్ణ అవతల దివిసీమని ఆ రాత్రి ఉప్పెన ఏం చేసిందో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆవిడ తుపాను గురించి నాలా ఎక్కువ మాట్లాడదు. బియ్యం డబ్బా అటకెక్కించింది. బిందెలన్నీ మంచినీళ్లతో నింపింది. కిరసనాయిలు దీపం తుడిచి వత్తి కత్తిరించింది. గేదెల పలుపులు విప్పేసింది. మొత్తం గంట పని. నేను ఆ గంటలో హెడ్‌ఫోను వైరు చిక్కు తీస్తున్నాను.

సోమవారం రాత్రి కరెంటు పోయింది. మంగళవారం పొద్దున్నే బ్యాటరీ మీద రేడియో వేశాను. 7 మెగాహెర్ట్జుల మీద తుపాను నెట్టు, అంటే హామ్‌లంతా వంతులవారీగా కబుర్లు అందించుకునే సభ, నడుస్తోంది. అప్పటికే చెన్నై మునిగి ఉంది. ఒకాయన ఒక్కొక్క స్టేషనునీ ఓపిగ్గా పిలుస్తున్నాడు. గుండె దడదడలాడుతుండగా నా సంకేతం చెప్పాను. మీ దగ్గర పంపాల్సిన సందేశాలున్నాయా అన్నాడు.

“పిన్నీ! దేశంలో ఎక్కడికైనా సరే, ఏదైనా సందేశం పంపాలా?”

పిన్ని ఆలోచించింది. “తెనాల్లో మీ చెల్లెలికి చెప్పు, మాగాయ జాడీ మూత ఇంకా తెచ్చివ్వలేదని.”

“అది అత్యవసరం కాదు పిన్నీ.”

“మూత లేకపోతే బూజు పట్టదుట్రా?”

పైగా అప్పటికి సెల్ టవరు ఇంకా పనిచేస్తూనే ఉంది. చెల్లెలికి ఫోనే చెయ్యొచ్చు. నెట్టాయనకి “ప్రస్తుతానికి ఏమీ లేవు, సిద్ధంగా ఉన్నాను” అన్నాను. సిద్ధంగా ఉండటం 11 నిమిషాలు సాగింది. తీగ చివర కప్పీ వేసి, బరువు వేలాడదీసి, చెట్టు ఊగితే తీగ కూడా ఊగేలా వదలాలని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. నేను బిగించాను, గుర్తుందిగా. కొబ్బరిచెట్టు ఒక్కసారి అటు వంగింది. టప్‌మని శబ్దం. హెడ్‌ఫోన్లలో ప్రపంచం మాయమైంది.

మధ్యాహ్నానికి గాలి పెంకులెత్తుకుపోతోంది. తుపాను తీరం దాటాక, సాయంత్రానికి ఫోన్లు కూడా పోయాయి. టవరు బ్యాటరీ అయిపోయిందన్నారు. ఇన్నాళ్లూ నేను కిటికీ చూపించి వర్ణించిన దృశ్యం అచ్చం అదే: టవరు లేదు, కరెంటు లేదు, ఇంటర్నెట్టు లేదు. హామ్ ఉన్నాడు, యాంటెన్నా లేదు.

బుధవారం గాలి తగ్గాక తీగ వెతుక్కుంటూ వెళ్లాను. అది పాక మీద ఉంది. రేకులు ఎగిరిపోకుండా పిన్ని రాత్రే దాన్ని నాలుగు చుట్లు చుట్టి రాళ్లు కట్టేసింది. అడిగాను. ఆవిడ గేదెల వైపు చూసి, నా వైపు చూసింది. నేను మళ్లీ అడగలేదు.

ఇంతలో పక్కింటి తాతగారికి ఆయాసం. ఆవిరి పట్టే మిషనుంది, కరెంటు లేదు. జనరేటరు దగ్గరికి పరిగెత్తాం. లేవలేదు. దసరాకి పోసిన పెట్రోలు అందులోనే ఉంది. ఇథనాలు కలిపిన పెట్రోలు తేమ పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలవుంటే కార్బొరేటరు సందుల్లో జిగురు కడుతుంది. నెలకొకసారి పది నిమిషాలు నడపమని పిన్నికి నేనే చెప్పాను. గేదెలు చేపడం లేదని ఆపమని కూడా నేనే చెప్పాను. మోటారు సైకిళ్లు బాగుచేసే కుర్రాడు వచ్చి, గిన్నె విప్పి, సన్నటి తీగతో జెట్టు పొడిచి, తన బండిలో పెట్రోలు పోశాడు. పిన్ని తాడు లాగింది. తాతగారి మిషను బుస్సుమంది.

ఆ మోత ఊళ్లో సగం దూరం వినపడింది. పావుగంటలో ఫోన్లొచ్చాయి. టవరు లేకపోయినా టార్చీ కావాలిగా. పిన్ని అరుగు మీద కూర్చుని, ఎవరి ఫోను ఏదో తెలియడానికి సుద్దముక్కతో ఇంటిపేర్లు రాసి వరసలో పెట్టింది. 31 ఫోన్లు. అంత క్రమశిక్షణతో నడిచిన నెట్టు నేను రేడియోలో ఎన్నడూ వినలేదు. తరవాత మంచినీళ్ల మోటారు అడిగారు. అర హార్స్‌పవరుదే అయినా మోటారు లేచేటప్పుడు మామూలుకి నాలుగైదు రెట్లు కరెంటు లాగుతుందని, ఉన్నవన్నీ తీసేసి ముందు మోటారు ఒక్కటే వెయ్యాలని చెప్పాను. ఆ మూడు రోజుల్లో నా మాట జనం విన్నది ఆ ఒక్కసారే. ఉన్నవన్నీ తీసేశారు. అన్నిటితోపాటు నా రేడియో ప్లగ్గు కూడా. మోటారు లేచింది, జనరేటరు మూలిగింది, నీళ్లొచ్చాయి. మిగతావన్నీ మళ్లీ పెట్టారు. రేడియో ఉన్న రంధ్రంలో ఎవరిదో మిక్సీ ఉంది, ఇడ్లీపిండికి. నేను అడగలేదు.

గురువారం రేపల్లెలో తీగ కొనుక్కుని తిరిగొచ్చేసరికి జేబులో ఫోను మోగింది. టవరొచ్చింది. మా ఆవిడ. “ఎలా ఉన్నారు? ఏమైనా తిన్నారా?” అంది. అటుకులు తిన్నాను అన్నాను. “చిన్నత్తయ్యకివ్వండి” అంది. వాళ్లిద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. నాకు వినపడింది ఇటు వైపు సగమే. అందులో ‘17 సార్లు’ అనే మాట ఉంది.

కొత్త సంవత్సరానికి కొత్త పుస్తకం మొదలైంది. ఒక ఆదివారం ఆవిడ గుడికెళ్లినప్పుడు తీసి చూశాను. ‘విపత్తు’ అనే పద్దు ఉంది. దాని కింద: జనరేటరు ఇంజన్ ఆయిలు. ప్లగ్గు. పెట్రోలు డబ్బా. ఆరుగురి ఫోన్లు ఒకేసారి పెట్టుకునే బోర్డు, చిన్నత్తయ్య అడిగారు. జమ వైపు కూడా రాసింది, ఆ పేజీలో మొదటిసారి: అరటిగెల 1, మినుములు 2 కిలోలు, పక్కింటి తాతగారి ఆశీస్సులు. నా కొత్త యాంటెన్నా తీగ, కప్పీ, కనెక్టర్లు ఆ పేజీలో ఎక్కడా కనపడలేదు. దాచిపెట్టిందేమోనని మురిసిపోయి పేజీలు తిప్పాను. వెనక దొరికాయి, సినిమా టికెట్లకీ సంక్రాంతి గాలిపటాలకీ మధ్య. పద్దు పేరు ‘వినోదం’.